బొగ్గుబాయి, విశ్వవిద్యాలయం

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



"అన్నా, నువ్వు ముప్పై ఏండ్లు కాలేజీలో పాఠాలు చెప్పినవు. యూనివర్సిటీల మీద నాలుగు మాటలు చెప్పు. మన పిల్లలకు పనికొచ్చేటట్టు చెప్పు" అని సంఘం కార్యదర్శి ఫోన్‌లో అడిగాడు. చివరి మాట మీద నేను కొంచెం ఎక్కువసేపు ఆలోచించాను. మన పిల్లలంటే ఎవరు? గోదావరిఖని, రామగుండం, ఎన్టీపీసీ, ఎఫ్‌సీఐ, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ పిల్లలు. వాళ్ల తాతలు పల్లె విడిచి బాయి పనికి వచ్చారు. వాళ్ల నాన్నలు షిఫ్టు కూతను బట్టి తిన్నారు, పడుకున్నారు. ఈ పిల్లలకు విశ్వవిద్యాలయం అనేదానితో ఏం పని? నేను భూగర్భశాస్త్రం చదివినవాణ్ని కాబట్టి, దీనికి జవాబు కూడా కొంత తవ్వి తీయాల్సిందే.

మొదట మనకు దూరంగా ఉన్న ఒక బొగ్గూ వెండీ కథ చెబుతాను. జర్మనీలో సాక్సనీ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఫ్రైబెర్గ్ అనే చిన్న పట్టణం. 12వ శతాబ్దంలో అక్కడ వెండి దొరికింది, ఊరు పుట్టింది. అంటే మన గోదావరిఖని లాంటి ఊరే. గని వచ్చాకే ఊరు వచ్చింది. 1756 నుంచి 1763 వరకు జరిగిన ఏడేళ్ల యుద్ధంలో సాక్సనీ దివాలా తీసింది. ఖజానా ఖాళీ అయింది. అప్పుడు ఆ రాజ్యం చేసిన పనుల్లో ఒకటి, 1765లో ఫ్రైబెర్గ్‌లో గనుల విద్యాలయం పెట్టడం. చేతిలో డబ్బు లేనప్పుడు బడి పెట్టడమేమిటి అని మనకు అనిపిస్తుంది. వాళ్ల లెక్క వేరు. గనిని తెలివిగా నడిపే మనుషులు తయారైతేనే డబ్బు వస్తుందని వాళ్లు అనుకున్నారు. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న గనుల విశ్వవిద్యాలయాల్లో అది అత్యంత పురాతనమైనదిగా పేరు పొందింది.

అక్కడ వెర్నర్ అనే ఆచార్యుడు రాళ్లను, ఖనిజాలను వరుసపెట్టి గుర్తించే పద్ధతి నేర్పాడు. యూరప్ నలుమూలల నుంచి పిల్లలు వచ్చారు. 1791లో వచ్చినవాళ్లలో అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్ అనే ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడున్నాడు. పొద్దున గనిలోకి దిగడం, మధ్యాహ్నం నుంచి తరగతిలో కూర్చోవడం, ఇదీ అతని దినచర్య. ఎనిమిది నెలల్లో చదువు ముగించుకుని గనుల అధికారిగా వెళ్లాడు. వెళ్లిన చోట, స్టెబెన్ అనే ఊళ్లో, 1793లో గని కార్మికుల కోసం సొంత డబ్బుతో ఉచిత బడి పెట్టాడు. కార్మికులకు అర్థమయ్యేటట్టు పాఠ్యపుస్తకం తనే రాశాడు. గనిలో చెడుగాలి ఉన్నా ఆరిపోని దీపం తయారు చేయాలని ప్రయోగాలు చేస్తూ ఒకసారి లోపలే స్పృహ తప్పి పడిపోయాడు. ఈయనే తర్వాత దక్షిణ అమెరికా అంతా తిరిగి, ప్రకృతి మొత్తం ఒకదానితో ఒకటి ముడిపడి ఉందని ప్రపంచానికి చెప్పిన శాస్త్రవేత్త.

ఆయన అన్న విల్‌హెల్మ్ వాన్ హంబోల్ట్. ఆయన గనిలోకి దిగలేదు గానీ, 1810లో బెర్లిన్ విశ్వవిద్యాలయం ఏర్పడటానికి మూలపురుషుడు. అప్పుడు ప్రష్యా కూడా నెపోలియన్ చేతిలో ఓడిపోయి ఉంది. అంతవరకు విశ్వవిద్యాలయమంటే తెలిసిన విషయాన్ని తెలియనివాళ్లకు అప్పజెప్పే చోటు. విల్‌హెల్మ్ దానికి ఇంకొకటి కలిపాడు. పాఠం చెప్పేవాడు తనూ వెతుకుతూ ఉండాలి, చదివేవాడు ఆ వెతుకులాటలో పాలుపంచుకోవాలి. బోధన, పరిశోధన రెండూ ఒకే గదిలో జరగాలి. ఈనాడు మన దేశంలో ప్రతి విశ్వవిద్యాలయం పీహెచ్‌డీలు ఇస్తున్నదంటే దాని వెనుక ఈ ఆలోచన ఉంది.

ఇక మన ఇంటి కథకు వస్తాను. మన తెలంగాణకు ఉస్మానియా ఉంది. అక్బర్ హైదరీ ఇచ్చిన వినతిపత్రం మీద ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917 ఏప్రిల్ 26న ఫర్మానా జారీ చేశాడు. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇంట్లో 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో తరగతులు మొదలయ్యాయి. మన బడి కూడా మొదట్లో రేకుల షెడ్డులో నడిచిందని గురువులు చెబుతుంటారు కాబట్టి ఈ అద్దె ఇంటి సంగతి పిల్లలకు గట్టిగా చెబుతున్నాను.

ఉస్మానియాలో అప్పటికి దేశంలో ఎవరూ చేయని పని ఒకటి జరిగింది. బ్రిటిష్ ఇండియాలో విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లిష్‌లో చెబుతుంటే, ఇక్కడ పై చదువులన్నీ ఉర్దూలో చెప్పాలని నిర్ణయించారు. లెక్కలు, రసాయనశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగ్ అన్నీ ఉర్దూలోనే. పుస్తకాలు లేవు కదా అంటే, అనువాద విభాగం పెట్టి వందల పుస్తకాలు అనువదించారు. ఒక్కొక్క శాస్త్ర పదానికి ఏ మాట వాడాలని పండితులూ శాస్త్రవేత్తలూ కలిసి కూర్చుని వాదించుకునేవారు.

దాని ఫలితం ఒకటి చెబుతాను. రజియుద్దీన్ సిద్దీఖీ అని హైదరాబాద్ కుర్రవాడు. ఉస్మానియాలో ఉర్దూలో లెక్కలు చదివాడు. అక్కడి నుంచి కేంబ్రిడ్జ్ వెళ్లాడు. ఆ తర్వాత జర్మనీలో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అది 1409లో పుట్టిన విశ్వవిద్యాలయం. అక్కడ క్వాంటం సిద్ధాంతానికి పునాది వేసిన హైసెన్‌బర్గ్ దగ్గర పీహెచ్‌డీ చేశాడు. తిరిగి వచ్చి ఉస్మానియాలోనే పాఠాలు చెప్పాడు. మాతృభాషలో చదివితే ఎక్కడికీ పోలేమని ఎవరైనా అంటే ఈ పేరు గుర్తు చేయండి.

అయితే ఇదే కథలో ఇంకో పక్క ఉంది. రజియుద్దీన్‌కు ఉర్దూ ఇంటి భాష. మన కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల పిల్లలకు కాదు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. వాళ్లకు ఉర్దూ కూడా ఇంగ్లిష్ లాగే నేర్చుకుని దాటాల్సిన గోడ. పరాయి భాష వద్దన్న సంస్కరణ, కొందరికి సొంత భాష, చాలామందికి ఇంకో పరాయి భాష అయింది. 1948 తర్వాత బోధన ఇంగ్లిష్‌లోకి మారింది. ఏ మంచి పని చేసినా అది ఎవరి గుమ్మం దాకా వచ్చింది, ఎవరి గుమ్మం ముందు ఆగిపోయింది అని చూడటం మనం నేర్చుకోవాలి. ఈ మాట అంటున్నానంటే ఆ ప్రయత్నాన్ని తక్కువ చేస్తున్నానని కాదు.

తెలుగుకు ఉస్మానియాలో చోటు లేకపోలేదు. రాయప్రోలు సుబ్బారావు గారు అక్కడ తెలుగు శాఖను నిలబెట్టారు. తర్వాత కాలంలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. దాని విలువ మన ఊరివాళ్లకు ఇట్టే తెలుస్తుంది. అప్పటిదాకా పాట అంటే పుస్తకంలో ఉండేది. నాట్లు వేసే అమ్మ నోట్లో ఉన్నది, రోకలి దంచే అత్త నోట్లో ఉన్నది కూడా సాహిత్యమేనని, దాని మీద డాక్టరేట్ ఇవ్వవచ్చని విశ్వవిద్యాలయం చేత ఒప్పించిన పరిశోధన అది.

పరిశోధన అనగానే పిల్లలు భయపడతారు. అదేదో తెల్లకోటు వేసుకున్నవాళ్ల పని అనుకుంటారు. నేను మీకు తెలిసిన ఉదాహరణ చెబుతాను. బాయిలో పాత సర్దార్ ఒకరు పని స్థలానికి పోగానే ఏం చేసేవాడు? కర్రతో పైకప్పును కొట్టి చూసేవాడు. గట్టి శబ్దం వస్తే పని చేయనిచ్చేవాడు. డొల్ల శబ్దం వస్తే అందరినీ వెనక్కి పంపి సపోర్టు పెట్టించేవాడు. ఆయన ఎవరి మాటా నమ్మలేదు, నిన్న బాగుంది కాబట్టి ఈ రోజూ బాగుంటుందని అనుకోలేదు. తనే కొట్టి విని తేల్చుకున్నాడు. పరిశోధన అంటే అదే. ఆ కొట్టి చూసే అలవాటును జీవితమంతా ఒక పనిగా పెట్టుకునేవాళ్లకు జీతమూ, పుస్తకాలూ, తీరికా ఇచ్చే చోటు విశ్వవిద్యాలయం.

ఉస్మానియా పరిశోధనల్లో నాకు ఇష్టమైనది బేగంపేటలోని నిజామియా వేధశాల పని. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో మొదలుపెట్టిన వేధశాల అది. 1919లో ఉస్మానియా కిందికి వచ్చింది. ఆ రోజుల్లో ప్రపంచంలోని అనేక వేధశాలలు ఆకాశాన్ని పొలం గట్లు వేసుకున్నట్టు పంచుకుని, ఎవరి భాగంలోని నక్షత్రాలను వాళ్లు ఫొటోలు తీసి, కొలిచి, ఒక పెద్ద జాబితా తయారు చేయాలని ఒప్పుకున్నాయి. హైదరాబాద్ తన వాటా పూర్తి చేసింది. జర్మనీలోని పోట్స్‌డాం వేధశాల తన వాటా పూర్తి చేయలేకపోతే, అందులో ఒక భాగాన్ని కూడా హైదరాబాదే నెత్తిన వేసుకుని పూర్తి చేసింది. మొత్తం 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. కంప్యూటర్ లేదు. గాజు పలకల మీద చుక్కలు చూస్తూ, చేత్తో రాస్తూ, ఏళ్ల తరబడి చేసిన పని. వాళ్లలో చాలామంది పేర్లు మనకెవరికీ తెలియవు. తట్టలో బొగ్గు ఎత్తి టబ్బులు నింపినవాళ్ల పేర్లు ఏ కరెంటు బిల్లు మీదా ఉండనట్టే.

ఇప్పుడు మన కాళ్ల కింది సంగతి. మన బొగ్గు సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల నాటిది. మన గనుల్లో రాళ్ల మీద నాలుక ఆకారంలో ఆకు అచ్చులు కనిపిస్తాయి. చిన్నప్పుడు మనం ఓసీ మట్టి కుప్పల దగ్గర ఏరుకుని ఆడుకున్నవే. ఆ మొక్క పేరు గ్లాస్సోప్టెరిస్. అదే ఆకు అచ్చు దక్షిణ ఆఫ్రికాలో ఉంది, ఆస్ట్రేలియాలో ఉంది, దక్షిణ అమెరికాలో ఉంది, మంచుతో కప్పుకున్న అంటార్కిటికాలో కూడా ఉంది. సముద్రాలు దాటి ఒకే చెట్టు ఇన్ని చోట్లకు ఎట్లా పోయింది? 1912లో జర్మనీలోని మార్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ అనే యువకుడు, చెట్టు పోలేదు, నేలే కదిలింది అన్నాడు. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండి తర్వాత విడిపోయాయన్నాడు. ఆయన చూపిన సాక్ష్యాల్లో ఈ ఆకు ఒకటి. పెద్ద పెద్ద పండితులు కొట్టిపారేశారు. ఆయన 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. 1960ల్లో గానీ ప్రపంచం ఆయన మాటను ఒప్పుకోలేదు.

ఆ పాత మహాఖండానికి పేరు గోండ్వానా. ఆ పేరు గోండుల రాజ్యాల నుంచి వచ్చింది. గోదావరి దాటితే ఆసిఫాబాద్, ఉట్నూరు అడవుల్లో ఉన్న మన గోండులే. భూమి చరిత్ర చదివే ప్రతి దేశంలోని విద్యార్థి మన పక్క ఊరివాళ్ల పేరు పలుకుతాడు. ఆ పేరు మోసిన మనుషులు మాత్రం తమ పోడు భూముల కోసం కొట్లాడాల్సి వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తకు పని అప్పగించింది. ఆయన వియన్నా నుంచి వచ్చినవాడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల శత్రుదేశపు పౌరుడిగా హైదరాబాద్ రాజ్యం దాటి పోకూడదని ఆంక్ష పడింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్య గుడిసెలో ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం, ఉపాధ్యాయుల కోసం అక్కడ బడి పెట్టించాడు. భూమి పట్టాల కోసం ప్రభుత్వానికి నివేదికలు రాశాడు. తర్వాత కొన్నేళ్లు ఉస్మానియాలో ఆచార్యుడిగా ఉన్నాడు. పరిశోధకుడు తను పరిశోధించిన మనుషులకు బాకీ పడతాడు. హైమన్‌డార్ఫ్ ఆ బాకీ తీర్చే ప్రయత్నం చేశాడు. మార్లవాయిలో ఇప్పటికీ ఆయన్నూ ఆయన భార్య బెట్టీనీ తలుచుకుంటారు.

విశ్వవిద్యాలయం సమాజానికి ఏం చేస్తుందన్న ప్రశ్నకు ఇంకో జవాబు మనందరికీ అనుభవంలో ఉంది. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడవద్దన్నారు. విద్యార్థులు వినలేదు. చాలామందిని వెళ్లగొట్టారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లకు తలుపు తెరిచింది. అట్లా నాగపూర్ దారి పట్టినవాళ్లలో మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగర పీవీ నరసింహారావు ఒకరు. 1969లో పాల్వంచ థర్మల్ కేంద్రం ఉద్యోగాల దగ్గర రాజుకున్న నిప్పు ఉస్మానియాకు చేరి ప్రత్యేక తెలంగాణ ఉద్యమమైంది. మూడు వందల మందికి పైగా చనిపోయారు. 2009 డిసెంబర్‌లో మళ్లీ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదికి వేలమంది వచ్చారు. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైతే ఇక్కడ బాయిలు నెలకు పైగా ఆగాయి. అక్కడ విద్యార్థీ ఇక్కడ కార్మికుడూ ఒకే మాట మీద నిలబడిన రోజులవి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ పోరాటంలో ప్రాణాలు తీసుకున్న పిల్లలను తలుచుకుంటే నాకు గర్వం కన్నా బాధే ఎక్కువ. పోరాటం నేర్పే చోటు బతకడం కూడా నేర్పాలి.

విశ్వవిద్యాలయం పాతదైనంత మాత్రాన, పేరున్నదైనంత మాత్రాన మంచివైపే నిలబడుతుందన్న భరోసా లేదు. నేను ఇందాక పొగిడిన బెర్లిన్ విశ్వవిద్యాలయం ఎదురుగానే 1933 మే 10న నాజీ విద్యార్థులు పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టారు. యూదు ఆచార్యులను జర్మనీ విశ్వవిద్యాలయాలన్నీ వెళ్లగొట్టాయి. వెగెనర్‌ను, హైసెన్‌బర్గ్‌ను ఇచ్చిన దేశమే అది. సంప్రదాయం దానంతట అది ఎవరినీ కాపాడదు. తరగతిలో "ఎందుకు?" అని అడిగే పిల్లవాణ్ని కూర్చోబెట్టేసిన రోజు నుంచి పతనం మొదలవుతుంది. అది విశ్వవిద్యాలయమైనా, మన ఆరో తరగతి గదైనా ఒకటే.

ఇక అసలు విషయానికి వస్తాను. మీలో చాలామందికి తెలిసీ పైకి అనని మాట ఒకటుంది. బొగ్గు ఎప్పటికీ ఉండదు. మన చిన్నప్పుడు ఇంక్లైన్ల పేర్లు అంకెలతో లెక్కపెట్టుకునేవాళ్లం. వాటిలో ఎన్ని ఇప్పుడు మూసుకున్నాయో మీకు తెలుసు. వందలమంది చేసే పని ఓసీలో యంత్రాలు చేస్తున్నాయి. ఎఫ్‌సీఐ సంగతి మన కళ్ల ముందే జరిగింది. బొగ్గు నుంచి ఎరువు తీసే ఆ కర్మాగారంలో వాడిన పద్ధతి జర్మనీలోని ఎసెన్ నగరపు కాపర్స్ సంస్థది. 1980లో ఉత్పత్తి మొదలైంది, 1999లో మూతపడింది. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, మన తరగతుల్లో బెంచీలు ఖాళీ అయ్యాయి. రెండు దశాబ్దాల తర్వాత అదే చోట మళ్లీ కర్మాగారం వచ్చింది గానీ అది గ్యాస్‌తో నడిచేది. మధ్యలో పోయిన తరం తిరిగి రాలేదు.

ఆ ఎసెన్ నగరం ఉన్న చోటును రూర్ ప్రాంతం అంటారు. జర్మనీ బొగ్గు బెల్టు. లక్షలమంది కార్మికులున్న ఆ ప్రాంతంలో 1960ల దాకా ఒక్క పెద్ద విశ్వవిద్యాలయం లేదు. బొగ్గుకు గిరాకీ తగ్గి గనులు మూతపడటం మొదలయ్యాక, 1965లో బోకమ్ నగరంలో రూర్ విశ్వవిద్యాలయం తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో కొత్తగా కట్టిన మొదటి ప్రభుత్వ విశ్వవిద్యాలయం అది. కార్మికుల పిల్లలు ఇంటి నుంచే వెళ్లి చదువుకోగలిగారు. రూర్‌లో చివరి బొగ్గు గని 2018 డిసెంబర్ 21న మూతపడింది. అప్పటికి విశ్వవిద్యాలయం వయసు యాభై దాటింది. అంటే గనులు పూర్తిగా పోయేదాకా ఆగకుండా యాభై ఏళ్ల ముందే విత్తనం వేశారు.

గని మూస్తే పని అయిపోదని కూడా రూర్ నేర్పింది. శతాబ్దాల తవ్వకం వల్ల అక్కడ నేల చాలాచోట్ల కుంగింది. నీళ్లు తోడటం ఆపితే కాలనీలు మునుగుతాయి. మూతపడ్డ గనుల నీళ్లు ఎప్పటికీ తోడుతూనే ఉండాలి. అందుకు ప్రత్యేకంగా నిధి పెట్టుకున్నారు. దాన్ని వాళ్లు శాశ్వత బాధ్యత అంటారు. బోకమ్‌లో 1816 నుంచి ఉన్న పాత గనుల బడి ఇప్పుడు గని మూసిన తర్వాత ఏం చేయాలన్న విషయం మీద పరిశోధన చేస్తోంది. మన గోదావరి ఒడ్డున కూడా రేపు ఈ ప్రశ్న వస్తుంది. ఏ సొరంగం ఎటు పోయింది, ఎక్కడ నీళ్లు నిండి ఉన్నాయి, ఏ మట్టి గుట్ట మీద ఏ చెట్టు బతుకుతుంది? వీటికి జవాబులు చెప్పగలవాళ్లు ఎక్కడి నుంచో వస్తారని కూర్చుంటే కుదరదు. ఈ బడి నుంచే రావాలి.

అవకాశాలు లేవని చెప్పలేం. 1871లో విలియం కింగ్ ఇల్లెందు వైపు బొగ్గు కనుక్కున్నప్పుడు, దాన్ని చదివే చోటు ఈ రాజ్యంలో ఒక్కటీ లేదు. 1978లో కొత్తగూడెంలో గనుల కళాశాల వచ్చింది. అది మొదట ఉస్మానియా నీడలో, తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయం కింద నడిచింది. 2025లో దాన్ని మన్మోహన్ సింగ్ పేరుతో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం చేశారు. కరీంనగర్‌లో 2008 నుంచి శాతవాహన ఉంది. సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ కళాశాల ఉంది. రామగుండంలోనే వైద్య కళాశాల వచ్చింది. 2019లో భూగర్భ గనుల్లో ఆడవాళ్లు పని చేయడానికి కేంద్రం దారి తెరిచింది. మన చెల్లెళ్లకు, బిడ్డలకు ఇంతకు ముందు లేని దారి ఇది.

కానీ కొత్త బోర్డు కట్టినంత మాత్రాన విశ్వవిద్యాలయం కాదు. మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉంటున్నాయి. తాత్కాలిక జీతాల మీద పాఠం చెప్పే అధ్యాపకుడికి వచ్చే ఏడాది తన తిండి సంగతే తెలియదు, ఇరవై ఏళ్ల పరిశోధన గురించి ఎట్లా ఆలోచిస్తాడు? బేగంపేటలో నక్షత్రాలు కొలిచినవాళ్లకు ఆ నిలకడ దొరికింది కాబట్టే పని పూర్తయింది. ఎన్నికలప్పుడు మనం రోడ్డు అడుగుతాం, నల్లా అడుగుతాం. విశ్వవిద్యాలయంలో ఖాళీలు నింపమని కూడా అడగాలి.

ఇంట్లో జరిగే మాటలు కూడా నాకు తెలుసు. "బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లోకి పోతే సరి, ఎమ్మెస్సీలు పీహెచ్‌డీలు ఎవరిక్కావాలి?" అంటారు. నాన్న వయసు మీద పడితే వారసత్వ ఉద్యోగం వస్తుందేమోనని పదేళ్లు ఎదురుచూసిన కొడుకులను నేను చూశాను. ఆ తల్లిదండ్రులను తప్పు పట్టను. నెల జీతం విలువ బాయిలో దిగినవాడికి తెలిసినంత నాకు తెలియదు. కానీ పదిమందిలో ఒక్కరైనా, రెండు జీతాలు ఆలస్యమైనా ఫరవాలేదు, నేను తెలుసుకోవాలి అని బయలుదేరితే, ఆ ఒక్కరిని ఆపకుండా ఉండేంత బలం మన సంఘం ఇవ్వగలదు.

అందుకని స్వర్ణోత్సవ నిధి విషయంలో మూడు ప్రతిపాదనలు సభ ముందు పెడుతున్నాను. మీరు చర్చించండి, కాదంటే కాదనండి.

మొదటిది, ప్రవేశద్వారం కమాను కట్టాలన్న ఆలోచన ఉందని విన్నాను. కమాను వచ్చే ఏడాది కూడా కట్టుకోవచ్చు. ఈ ఏడాది ఆ డబ్బుతో మన బడి నుంచి వెళ్లి పీజీ గానీ పరిశోధన గానీ చేస్తున్న ఒక అమ్మాయికి, ఒక అబ్బాయికి చదువు పూర్తయ్యేదాకా నెలనెలా సాయం చేద్దాం. మధ్యలో ఆపకుండా చేద్దాం.

రెండోది, బాయి భాషను రాసి పెడదాం. మన తాతలు, నాన్నలు బాయిలో వాడిన మాటలు, పనిముట్ల పేర్లు, పాటలు, ప్రమాదాల జ్ఞాపకాలు వాళ్లతోనే పోతున్నాయి. రామరాజు గారు ఊరి పాటలకు చేసినది మనం బాయి మాటలకు చేయాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్క రిటైరైన కార్మికుడి దగ్గర కూర్చుని రాసుకొస్తే, ఒక్క ఏడాదిలో ఒక పుస్తకమవుతుంది. రేపు ఏ విశ్వవిద్యాలయం పరిశోధకుడు వచ్చినా మన పిల్లల పుస్తకం తెరవాల్సిందే.

మూడోది, బడిలో ఒక గదిలో రాళ్ల అరలు పెడదాం. అనుమతి తీసుకుని, గనుల నుంచి ఆకు అచ్చుల రాళ్లు, బొగ్గు పొరల నమూనాలు తెచ్చి పేర్లు రాసి పెడదాం. నా దగ్గర ముప్పై ఏళ్లుగా పోగుచేసినవి ఉన్నాయి. అవన్నీ ఈ బడికే ఇస్తాను. వారానికి ఒక రోజు వచ్చి పిల్లలకు చూపిస్తాను.

ఫ్రైబెర్గ్‌లో ప్రభుత్వ వెండి గని 1913లో మూసేశారు. తర్వాత మళ్లీ కొంతకాలం తవ్వి 1969లో పూర్తిగా ఆపేశారు. 1765లో పెట్టిన బడి మాత్రం ఈ రోజుకీ నడుస్తోంది. అక్కడి పాత గనినే ఇప్పుడు పిల్లలకు ప్రయోగశాలగా వాడుతున్నారు. మన ఊళ్లో కూడా బొగ్గు అయిపోయే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజుకు ఈ బడి వందేళ్ల పండుగ చేసుకుంటూ ఉండాలి. ఆ సభలో ఈ బెంచీల మీద కూర్చున్న పిల్లల్లో ఎవరో ఒకరు ఆచార్యులుగా, శాస్త్రవేత్తగా వచ్చి మైకు అందుకోవాలి.